నారు తీసి నాటడం: ‘ప్లాంట్ ఔట్’ క్రియాబంధానికి తెలుగు పర్యాయాలు – ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

ఆంగ్లంలోని ‘ప్లాంట్ ఔట్’ అనే క్రియాబంధానికి తెలుగులో ‘నాటు’ అన్న ఒక్క క్రియను సమానార్థకంగా ఇవ్వడం పరిపాటి. ఈ సమీకరణం అసంపూర్ణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆంగ్లం క్రియ తరువాత చేర్చే చిన్న పదంతో సూచించే అర్థాన్ని తెలుగు క్రియకు ముందుండే నామంతోను, వరుసగా వచ్చే రెండు క్రియలతోను చెబుతుంది. ప్రాంతాన్ని బట్టి ఊడ్పు, ఉభాలు, నాట్లు అనే భిన్న పదాలతోనూ చెబుతుంది. ఈ పదాల పుట్టుకను, నిఘంటువులలో వాటికి దక్కిన స్థానాన్ని, 20వ శతాబ్దంలో ‘నాటు’ సాధించిన ఆధిక్యాన్ని ఇందులో పరిశీలించి, సమానార్థకాల ఎంపికకు కొన్ని సూచనలు చేయడమైనది.

కీలక పదాలు: నాటు, ఊడ్పు, ఉభాలు, నారు, వెద, శబ్దపల్లవం, వృత్తిపదకోశం, నిఘంటు నిర్మాణం.

1. ప్రస్తావన

ఆంగ్లంలో ‘ప్లాంట్ ఔట్’ అంటే విత్తనం వేయడం కాదు. కేవలం మొక్కను మట్టిలో పెట్టడం కూడా కాదు. తొట్టెలోనో, అద్దాల గదిలోనో, చిన్న మడిలోనో కాపాడి పెంచిన లేతమొక్కను, అది చివరిదాకా ఎదగవలసిన ఆరుబయటి నేలకు తరలించి నాటడం. ఇందులో మూడు అంశాలున్నాయి: మొక్కకు ఇదివరకే ఒక చోటు ఉన్నది, ఆ చోటు తాత్కాలికమైనది, ఇప్పుడు చేరుతున్న చోటు శాశ్వతమైనది. ఈ మూడింటినీ ఆంగ్లం ‘ఔట్’ అనే చిన్న పదంలో ఇమిడ్చింది. క్రియకు ఇటువంటి చిన్న పదం చేరి ఏర్పడే ‘ఫ్రేజల్ వెర్బ్’ను ఈ వ్యాసంలో ‘క్రియాబంధం’ అని వ్యవహరిస్తున్నాను.

ఈ క్రియాబంధాన్ని పదం పదంగా విడదీసి తెలుగు చేస్తే ‘బయట నాటు’ అవుతుంది. అది తెలుగు నుడి కాదు. ‘ఔట్’ను వదిలేసి ‘నాటు’ అంటే తెలుగు అవుతుంది గాని, మొక్క అంతకుముందున్న చోటు అర్థంలోంచి జారిపోతుంది. ఇది కేవలం అనువాద సౌకర్యానికి సంబంధించిన చర్చ కాదు. వరి సాగులో ఎరువు, కలుపు, నీటి యాజమాన్యం అన్నీ రోజుల లెక్క మీద నడుస్తాయి. విత్తిన నాటినుంచి లెక్కించే రోజులు వేరు, నాటిన నాటినుంచి లెక్కించే రోజులు వేరు. సాధారణ పద్ధతిలో ఈ రెండింటి మధ్య 25 నుంచి 30 రోజుల అంతరం ఉంటుంది. ‘విత్తనం నాటిన 20 రోజులకు’ అని రాసిన వాక్యం ఏ లెక్కను సూచిస్తున్నదో చదివినవారికి తేలదు. పదం తప్పితే లెక్క తప్పుతుంది. లెక్క తప్పితే పైరు తప్పుతుంది. కనుక ఈ పర్యాయపదాల మధ్య భేదాన్ని నిర్ణయించడం నిఘంటుకారుల బాధ్యతలలో ఒకటి.

2. ఆంగ్లంలో క్రియాబంధం స్థిరపడిన తీరు

‘ప్లాంట్’ అనే మాటకు మూలం లాటిన్ భాషలోని ‘ప్లాంటా’. మొలక, అంటుకొమ్మ అని దానికి అర్థం. ప్రాచీనాంగ్ల దశలోనే అది క్రియగా ఆ భాషలోకి చేరింది. అయితే రైతు వాడుకలో చాలాకాలం ప్రధానంగా నిలిచినవి ‘సో’, ‘సెట్’ అనే రెండు దేశీయ క్రియలు. గింజను చల్లడానికి మొదటిది, మొక్కనో దుంపనో గింజనో చేతితో ఒక్కొక్కటిగా పెట్టడానికి రెండవది. 1573లో వెలువడిన టామస్ టస్సర్ సేద్యపు పద్యగ్రంథంలో మూలికలను, కూరమొక్కలను విత్తవలసినవి, పెట్టవలసినవి అని చెప్పడంలో ఈ భేదమే కనిపిస్తుంది. ‘ట్రాన్స్‌ప్లాంట్’ అనే లాటిన్ సమాసం 15వ శతాబ్దం నుంచి ఆంగ్లంలో కనిపిస్తున్నా, అది శాస్త్రగ్రంథాల ఛాయ ఉన్న మాట. తోటమాలి నోట నిలిచినది మాత్రం ‘సెట్ ఔట్’, ‘ప్లాంట్ ఔట్’ వంటి క్రియాబంధాలే.

19వ శతాబ్దంలో ఈ పదజాలం మరింత విస్తరించింది. బ్రిటన్‌లో 1845లో గాజుపై పన్ను రద్దు కావడంతో అద్దాల గదులు చౌకగా కట్టుకోవడం సాధ్యమైంది. చలికాలమంతా గాజు కింద పెంచిన పూలమొక్కలను వేసవి మొదట్లో పూలమడులలోకి ఒక్కసారిగా మార్చడం ఆ కాలపు ఉద్యానాలలో వాడుక అయింది. దానికి ‘బెడ్డింగ్ ఔట్’ అన్న పేరు స్థిరపడింది. పనిలోని ఒక్కొక్క దశకు ఒక్కొక్క క్రియాబంధం ఏర్పడింది. మొలకలను గింజల పళ్ళెం నుంచి ఎడం ఎడంగా మార్చితే ‘ప్రిక్ ఔట్’. చిన్న తొట్టె నుంచి పెద్ద తొట్టెకు మార్చితే ‘పాట్ ఆన్’. బయటి చలిగాలికి క్రమంగా అలవాటు చేస్తే ‘హార్డెన్ ఆఫ్’. చివరకు నేలలో పెడితే ‘ప్లాంట్ ఔట్’. అటవీ నర్సరీలలో మొక్కలను సాళ్ళుగా మార్చి పెడితే ‘లైన్ ఔట్’.

వీటిని నిఘంటువులు పర్యాయాలుగా ఒకచోట చేర్చవచ్చు గాని, ఇవి ఒకదానికొకటి బదులుగా వాడదగినవి కావు. పూలమడికే ‘బెడ్ ఔట్’ చెల్లుతుంది. క్యాబేజీ నారుకు ‘ప్లాంట్ ఔట్’, ‘సెట్ ఔట్’ చెల్లుతాయి. వరికి ‘ట్రాన్స్‌ప్లాంట్’ అనడమే శాస్త్ర రచనలలో ఎక్కువ. చలిదేశంలో ‘ఔట్’ అంటే వెచ్చని లోపలి నుంచి చలి నిండిన వెలుపలికి. ఈ లోపలి–వెలుపలి భేదం ఆ నేల వాతావరణం నుంచి పుట్టింది. తెలుగు నేలలో నారుమడి, పొలం రెండూ ఆరుబయటే ఉంటాయి. కనుక మన భాష ఈ తరలింపును ‘బయట’ అన్న మాటతో చూడవలసిన అవసరం ఏర్పడలేదు. ఇక్కడి భేదం లోపలికి, వెలుపలికి మధ్య కాదు. ఇరుకుకు, ఎడానికి మధ్య.

3. తెలుగు క్రియల మూలాలు

తెలుగులో ఈ పనికి సంబంధించిన ప్రాథమిక పదాలు దాదాపు అన్నీ ద్రావిడ మూలానికి చెందినవే. ‘విత్తు’కు తమిళంలో ‘విత్తు’, కన్నడంలో ‘బిత్తు’ సోదర రూపాలు. ‘వెద’ తమిళ ‘విదై’కి సాటి పదం. ‘నాటు’ తమిళంలోని ‘నడు’, ‘నాట్టు’లకు, కన్నడంలోని ‘నెడు’, ‘నాటి’లకు దగ్గరిది. నారుమడిలో పెరిగే లేతమొక్కకు తెలుగులో ‘నాఱు’ అని పేరు. ఆధునిక లేఖనంలో శకటరేఫ పోయి ‘నారు’ అయింది. తమిళంలో ‘నాఱు’, ‘నాఱ్ఱు’ దీని తోబుట్టువులు. పీచుకు పేరైన ‘నార’తో దీనిని కలపరాదు.

పై జాబితాలో ‘నారు’ అన్న పదం చారిత్రకంగా విలువైన సాక్ష్యం. విత్తనానికి ఒక పేరు, ఎదిగిన పైరుకు ఒక పేరు ఉండడం ఏ వ్యవసాయ భాషకైనా సహజం. తీసి మరొకచోట నాటడానికే పెంచే లేతమొక్కకు ప్రత్యేకంగా ఒక పేరు ఉండాలంటే, ఆ పని సమాజంలో పాతుకుపోయి ఉండాలి. సంగకాలపు తమిళ కావ్యాలలోనే వరినాట్ల ప్రస్తావన ఉన్నది. తెలుగు, తమిళ భాషలు రెండూ ఆ పేరును ఉమ్మడి సొత్తుగా నిలుపుకోవడం దక్షిణాదిన నారు పోసి నాటే పద్ధతి ప్రాచీనతను సూచిస్తుంది.

‘నాటు’ క్రియ విస్తృతి కూడా గమనింపదగినది. అది సకర్మకం, అకర్మకం రెండూ అవుతుంది. మొక్కను నాటుతారు, బాణం తనంతట తాను రొమ్మున నాటుతుంది, మాట మనసులో నాటుకుంటుంది. అన్నిటికీ ఉమ్మడి అర్థం ‘దిగి నిలుచు’ అన్నదే. అంటే ఈ క్రియ దృష్టి అంతా చేరిన చోటు మీద ఉన్నది. బయలుదేరిన చోటును అది చెప్పదు. ‘ప్లాంట్ ఔట్’తో దీనికున్న ప్రధానమైన భేదం ఇదే. ‘నాటుకోడి’ వంటి మాటలలోని ‘నాటు’ వేరు పదం. ‘నాడు’ అనే దేశవాచకానికి అది ఔపవిభక్తిక రూపం. కన్నడంలోనూ ఈ రెండు పదాలు ఇదే విధంగా ఒక్క రూపంలో కలిశాయి.

‘పాతు’, ‘పెట్టు’, ‘వేయు’ అన్నవి మరో మూడు క్రియలు. గుంజను, రాతిని పాతుతారు. కదలకుండా లోతుగా దించడం అందులో ప్రధానం. తోటను పెడతారు లేదా వేస్తారు. ఇక్కడ కర్మ ఒక మొక్క కాదు, మొత్తం తోట. మధ్యయుగ శాసనాలు దాతల ధర్మకార్యాలను చెప్పేటప్పుడు చెరువు కట్టించడంతోపాటు తోట పెట్టించడాన్ని పేర్కొంటాయి. సప్తసంతానాలలో వనాన్ని ఒకటిగా లెక్కించిన సంప్రదాయానికి ఇది అనుగుణం. అదే శాసనాలలో భూమిని పుట్టి, తూము వంటి ధాన్యపు కొలతలతో పేర్కొనడమూ ఉన్నది. ఎంత విత్తనం పడుతుందన్నదే అక్కడ నేలకు కొలత. భూమికొలత విత్తు చుట్టూ, దాతృత్వం ‘పెట్టించు’ చుట్టూ, వరి పని నారు చుట్టూ అల్లుకున్నాయి. ఒకే రంగంలో క్రియలు ఎంత చక్కగా పనులను పంచుకున్నాయో దీనివల్ల తెలుస్తుంది.

4. శబ్దపల్లవం: క్రియకు ముందున్న నామం

ఆంగ్ల క్రియాబంధానికి తెలుగులో నిర్మాణపరంగా దగ్గరగా వచ్చేది శబ్దపల్లవం. నామం మీద క్రియ చేరి రెండూ ఏకపదంగా కొత్త అర్థాన్నివ్వడం దాని లక్షణం. ఆంగ్లంలో అర్థాన్ని మలిచే చిన్న పదం క్రియకు వెనుక వస్తుంది. తెలుగులో అర్థాన్ని మలిచే నామం క్రియకు ముందు వస్తుంది. సేద్యపు పదజాలం ఇటువంటి శబ్దపల్లవాలతో నిండి ఉన్నది: నారుపోయు, ఎదబెట్టు, మండెకట్టు, పాదుకొను, వేరూను, వెదజల్లు.

‘పోయు’ అంటే ద్రవాన్ని వంచడం. ‘నారుపోయు’లో మాత్రం మొలకెత్తిన విత్తనాన్ని మడిలో ఒత్తుగా చల్లడం. నారు పోసినవాడు నీరు పోయడా అన్న సామెతలో రెండు ‘పోయు’లకు భేదముంది. మొదటిది శబ్దపల్లవం, రెండవది సామాన్య క్రియ. సృష్టికర్తను ఆ సామెత విత్తినవాడని గాక నారు పోసినవాడని అన్నది. పుట్టించడమంటే తరువాత నాటవలసిన బాధ్యతను కూడా స్వీకరించడమే అన్న భావం ఆ ఎంపికలో ధ్వనిస్తున్నది.

కొన్ని శబ్దపల్లవాలు పొలం దాటి సామాన్య భాషలో కలిశాయి. ‘వెదజల్లు’లో వెద అంటే విత్తనం, చల్లు అంటే చిమ్మడం. నేడు పూలు పరిమళాన్ని వెదజల్లుతాయి. ఆ మాటలో విత్తనం ఉన్నదన్న స్పృహ చాలామందికి లేదు. మొక్క మొదట్లో నీరు నిలవడానికి చేసే పల్లం ‘పాదు’. దాని నుంచి వచ్చిన ‘పాదుకొను’, ‘పాదుకొల్పు’ నేడు సంస్థలకు, సిద్ధాంతాలకు చెల్లుతున్నాయి. వృత్తి పదాలను పక్కన పెడితే సాహిత్య భాషకు మూలధనమే తరుగుతుందని ఈ ఉదాహరణలు చూపుతున్నాయి.

మరి ‘ప్లాంట్ ఔట్’కు నేరుగా సరిపోయే శబ్దపల్లవం ఉన్నదా? ప్రమాణ భాషలో ఒక్క మాటగా లేదు. ఆ అర్థం రెండు క్రియల వరుసలో ఉన్నది: ‘నారు తీసి నాటు’. క్త్వార్థకమైన ‘తీసి’ బయలుదేరిన చోటును, ‘నాటు’ చేరిన చోటును చెబుతాయి. ఆంగ్లంలోని ‘ఔట్’ చేసే పనిని తెలుగులో ‘తీసి’ చేస్తున్నది. క్రియల వరుస పనుల వరుసను అనుసరించడం తెలుగు వాక్య స్వభావం. కనుక ఈ రెండు మాటల కూర్పును లోపంగా గాక, మన భాష సహజంగా ఎంచుకున్న మార్గంగా గుర్తించాలి.

5. ప్రాంతీయ పదాలు: మూడు పేర్లు, ఒకే పని

ప్రమాణ భాషలో ఒక్క మాటగా లేని అర్థం మాండలికాలలో ఉన్నది. గోదావరి, కృష్ణా డెల్టాలలో వరినారును పొలంలో నాటడం ‘ఊడ్పు’. ఆ పని జరిగే రోజులు ‘ఊడ్పులు’. చేను ఊడ్చారు అంటే నాటడం పూర్తయిందని అర్థం. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలలో అదే పనికి ‘ఉభాలు’ అని పేరు. తెలంగాణలోను, రాయలసీమలోను ‘నాట్లు’. తెలంగాణ వాడుకలో ‘నాటు వేయడం’, ‘నాటేసుడు’ క్రియా రూపాలు.

దీనికి ముందు దశకూ ప్రాంతానికొక పేరున్నది. కోస్తాలో నారుమడిని ‘ఆకుమడి’ అంటారు. నారు పీకడం ‘ఆకుతీత’. తెలంగాణలో నారు పోయడాన్ని ‘తుకం పోయడం’ అంటారు. నారు అవసరం లేకుండా పొలంలో నేరుగా గింజ చల్లడాన్ని తెలంగాణలో ‘అలకడం’ అనగా, ఉత్తరాంధ్రలో అలా వేసిన వరికి ‘ఎదలు’ అని పేరు. ‘ఎద’ అన్నది ‘వెద’కు వకారం జారిన రూపమే. అంటే ఉత్తరాంధ్ర రైతు వాడుకలో ఎదలు, ఉభాలు అనే రెండు పదాలు ఎదురెదురుగా నిలిచి, నేరుగా చల్లిన వరిని, నారు తీసి నాటిన వరిని స్పష్టంగా వేరుచేస్తున్నాయి. ఆంగ్లంలో ‘సో’, ‘సెట్’లు చేసిన పని ఇదే.

‘ఊడ్చు’ విషయం మరింత ఆసక్తికరం. కోస్తా వాడుకలో ఇల్లూ ఊడుస్తారు, చేనూ ఊడుస్తారు. ఒకటి ఉన్నదాన్ని తీసివేయడం, మరొకటి లేనిచోట నిలపడం. ఎదురెదురు అర్థాలున్నా వినేవారు ఎన్నడూ పొరబడరు. ముందున్న నామమే అర్థాన్ని నిర్ణయిస్తుంది. ‘ఊడు’ అంటే పట్టు వీడి రావడం. ‘ఊడబెరుకు’, ‘ఊడదీయు’ ఆ కుదురులోవే. నారు వేళ్ళతో ఊడివస్తేనే నాటడం సాధ్యం. కోస్తా రైతు మనసులో ‘ఊడ్పు’ ఈ పెరికే పనితో ముడిపడి ఉండడానికి అవకాశమున్నది. అలా గ్రహిస్తే ‘నాటు’ చేరిన చోటును చూసే మాట, ‘ఊడ్పు’ బయలుదేరిన చోటును కూడా స్ఫురింపజేసే మాట. తెలుగులో ‘ప్లాంట్ ఔట్’కు అర్థచ్ఛాయలో అతి దగ్గరగా వచ్చే ఒంటిమాట ఇదే అవుతుంది.

ఈ పదాల వ్యాప్తిని శాస్త్రీయంగా అర్థం చేసుకోవడానికి ఆధారం భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం. వ్యవసాయ పదాలకే ఆ సంపుటం పరిమితం. రైతుల నోట సేకరించిన పదాల ఆధారంగానే తెలుగు దేశాన్ని తూర్పు, దక్షిణ, ఉత్తర, మధ్య మండలాలుగా ఆయన విభజించారు. పైన చెప్పిన ఉభాలు తూర్పు మండలానికి, ఊడ్పు మధ్య మండలానికి, నాట్లు ఉత్తర, దక్షిణ మండలాలకు స్థూలంగా సరిపోతున్నాయి. ఒక్క పనికి ఉన్న పేర్లే భాషా మండలాల ఎల్లలను చూపగలగడం ఆ విభజన పటిష్ఠతకు నిదర్శనం.

6. నిఘంటువులలో ఈ పదాల స్థానం

తెలుగు నిఘంటు చరిత్రలో సేద్యపు క్రియలకు దక్కిన ఆదరణ ఆయా నిఘంటువుల ప్రయోజనాన్ని బట్టి మారింది. ఎ.డి. క్యాంబెల్ 1821లో, సి.పి. బ్రౌన్ 1852లో ప్రచురించిన తెలుగు–ఆంగ్ల నిఘంటువులు ప్రధానంగా పాలనావసరాలున్న పాఠకుల కోసం పుట్టాయి. రైతువారీ వ్యవస్థలో పన్ను, పంట, నీరు గురించి రైతు చెప్పిన మాట అర్థం కావడం అధికారికి అవసరం. బ్రౌన్ కడప, మచిలీపట్నం, రాజమండ్రి ప్రాంతాలలో ఉద్యోగం చేశాడు. కావ్యాలతోపాటు వ్యవహార భాషను కూడా ఆధారంగా తీసుకోవాలని పట్టుబట్టాడు. వృత్తి పదాలు అచ్చులోకి రావడానికి ఆ దృష్టి తోడ్పడింది.

బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం 1885లో వెలువడింది. దాని ప్రయోజనం వేరు. కావ్యప్రయోగమున్న పదాలకు సాధుత్వం, అర్థం నిర్ణయించడం దాని లక్ష్యం. పిఠాపురం సంస్థానం పోషణలో 1936 నుంచి సంపుటాలుగా వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు కూడా ప్రధానంగా గ్రంథస్థ భాషనే ఆధారం చేసుకున్నది. ఈ ప్రమాణంలో ‘నాటు’కు చోటు సులభంగా దొరుకుతుంది, బాణాలు, చూపులు, మాటలు నాటిన ప్రయోగాలు కావ్యాలలో విస్తారంగా ఉన్నాయి. పొలంలో మాత్రమే బతికిన తుకం, ఉభాలు వంటి పదాలకు కావ్యసాక్ష్యం కోరడమంటే, వాటిని ప్రవేశం దగ్గరే ఆపివేయడమే. ఇది ఏ ఒక్క నిఘంటుకారుడి దోషమూ కాదు. స్వీకరించిన ప్రమాణం ఫలితం.

ఇక్కడ ఒక చారిత్రక వైచిత్రి ఉన్నది. గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట 1847–52 మధ్య, కృష్ణపై విజయవాడ ఆనకట్ట 1852–55 మధ్య పూర్తయ్యాయి. డెల్టాలో మాగాణి విస్తరించింది. ఆకుమడి, ఊడ్పు ఆ ప్రాంతపు నిత్య వ్యవహారం అయ్యాయి. ఆధునిక ప్రమాణ భాష రూపుదిద్దుకొన్నదీ ప్రధానంగా అదే మధ్య మండల వ్యవహారం మీద. అయినా ‘ఊడ్పు’ ప్రమాణ పదం కాలేదు. ‘నాటు’ అయింది. దీనికి కారణం రెండు విధాలు. ‘ఊడ్పు’ వరికే పరిమితం. మిరప నారును, పొగాకు నారును, అరటి పిలకలను, చెరకు ముచ్చెలను నాటుతారే గాని ఊడ్చరు. రెండవది, ‘నాటు’ నాలుగు మండలాలలోనూ అర్థమయ్యే మాట, కావ్యగౌరవం ఉన్న మాట. విస్తృతి, గౌరవం కలిసినచోట ప్రాంతీయ పదం ప్రమాణం కావడం అరుదు.

7. ‘నాటు’ ఆధిక్యం

20వ శతాబ్దంలో ప్రభుత్వాలు నడిపిన సాగు ఉద్యమాలు ఈ ప్రక్రియను వేగవంతం చేశాయి. ఆ శతాబ్దపు తొలి దశకాలలో మద్రాసు వ్యవసాయ శాఖ కుదురుకు ఒక్క మొక్క చొప్పున నాటడాన్ని ప్రచారం చేసింది. 1950లలో జపాను పద్ధతి పేరుతో ఎత్తు మళ్ళలో నారు పెంచడం, వరుసలలో నాటడం ప్రచారంలోకి వచ్చాయి. 1950లో మొదలైన వనమహోత్సవం ‘మొక్కలు నాటడం’ అన్న మాటను బడిపిల్లల దాకా చేర్చింది. 2003లో ఆంధ్రప్రదేశ్‌లో క్షేత్ర ప్రదర్శనలుగా ఆరంభమైన ‘శ్రీ’ పద్ధతిలో 8 నుంచి 12 రోజుల లేత నారును 25 సెంటీమీటర్ల ఎడంతో, కుదురుకు ఒక్కటిగా నాటాలి. 2015లో తెలంగాణలో మొదలైన హరితహారం ‘నాటు’ను మరోసారి పాలనా భాషలో కేంద్రపదం చేసింది.

వ్యవసాయ విశ్వవిద్యాలయం, 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి, 1969 నుంచి వెలువడుతూ వచ్చిన ‘అన్నదాత’ వంటి పత్రికలు రాష్ట్రమంతటికీ పనికొచ్చే ఒక సేద్యపు గద్యాన్ని తయారుచేశాయి. అందులో ‘విత్తు’, ‘నాటు’, ‘ప్రధాన పొలం’ అన్న ప్రమాణ పదాలు కుదురుకొన్నాయి. ఇది సాధించిన మేలు తక్కువది కాదు. అయితే రెండు పరిణామాలు దీని వెంటనే వచ్చాయి. ఒకటి, ఊడ్పులు, ఉభాలు దినపత్రికల జిల్లా పుటలకు పరిమితమయ్యాయి. రెండు, ‘నాటు’ తన హద్దు దాటి ‘విత్తనాలు నాటండి’ అని గింజకూ చెల్లడం మొదలైంది. పత్తి, మొక్కజొన్న గింజలను చేతితో ఒక్కొక్కటిగా పెట్టే పనికి ‘పెట్టడం’ అన్న మాట ఉండగా, ‘నాటు’ ఆ చోటునూ ఆక్రమించింది. ఆధిక్యం పెరిగిన కొద్దీ పదం అర్థంలోని పదును తగ్గింది. ప్రస్తావనలో చెప్పిన రోజుల లెక్క సందిగ్ధత ఇక్కడి నుంచే పుట్టింది.

పాలనా భాష తలచుకొంటే స్థానిక పదాన్ని నిలపగలదన్న దానికి నిదర్శనమూ ఉన్నది. తెలంగాణ ప్రభుత్వ వ్యవహారంలో ఖరీఫ్, రబీలకు బదులు వానాకాలం, యాసంగి అన్న మాటలు అధికారికంగా వాడుకలోకి వచ్చాయి. రైతుకు అవి కొత్తవి కావు, కాగితానికే కొత్త.

8. సమానార్థకాల ఎంపికకు సూచనలు

పై పరిశీలన ఆధారంగా ‘ప్లాంట్ ఔట్’, దాని సమీప పదాలకు ఈ క్రింది విధంగా తెలుగు మాటలను నిర్ణయించవచ్చు.

అ) వరి సందర్భంలో ‘నారు తీసి నాటు’ అన్నది అన్ని ప్రాంతాలకూ చెల్లుతుంది. దానికి పర్యాయాలుగా ఊడ్పు, ఉభాలు, నాట్లు మూడింటినీ ప్రాంతసూచనతో ఇవ్వాలి. 

ఆ) కూరగాయలు, మిరప, పొగాకు సందర్భంలో ‘నారు నాటు’ చాలును. ‘నారు’ అన్న కర్మపదమే ముందు దశను సూచిస్తుంది. ‘ఔట్’ అర్థం క్రియలో గాక నామంలో నిలిచిందన్నమాట.

ఇ) నర్సరీలో తొట్టెలలో పెరిగిన పండ్ల, పూల మొక్కల విషయంలో ‘నేలలో నాటు’ సహజమైన మాట. కడియం వంటి నర్సరీ కేంద్రాల వల్ల తొట్టె మొక్కకు, నేల మొక్కకు భేదం చెప్పవలసిన అవసరం తెలుగులోనూ ఏర్పడింది.

ఈ) ‘ప్రిక్ ఔట్’కు ‘మొలకలను ఎడంగా మార్చి పెట్టు’ అన్న వివరణే మేలు. ఇక్కడ ‘నాటు’ వాడితే చివరి దశతో కలిసిపోతుంది.

ఉ) గింజ విషయంలో ‘విత్తు, చల్లు, అలుకు, పెట్టు, ఎదబెట్టు’ క్రియలనే వాడి, ‘నాటు’ను నారుకు, మొక్కకు, పిలకకు, ముచ్చెకు పరిమితం చేయడం శాస్త్ర రచనలో అవసరం. 

ఊ) వైద్యంలో ‘ట్రాన్స్‌ప్లాంట్’కు ‘మార్పిడి’ స్థిరపడింది. ఆ సాదృశ్యంతో వరికి ‘మార్పిడి నాటు’ వంటి కల్పన చేయనవసరం లేదు. మార్పిడి అంటే ఒకటి ఇచ్చి మరొకటి తీసుకోవడం. నారు తీసి నాటడంలో ఆ భావం లేదు.

9. ముగింపు

ఒక భాషలో ఒక్క మాటతో చెప్పగలిగినదానికి మరో భాషలోనూ ఒక్క మాటే వెదకడం నిఘంటు రచనలో తరచు ఎదురయ్యే ప్రలోభం. ‘ప్లాంట్ ఔట్’ విషయంలో ఆ వెదుకులాట ‘నాటు’ దగ్గర ఆగిపోయింది. ఫలితంగా నారుమడి అర్థం నుంచి తప్పుకొన్నది. నారుమడితోపాటు విత్తనం మండెకట్టడం, ఆకు తీయడం, కట్టలు కట్టి మోయడం వంటి శ్రమ అంతా మాటలో కనిపించకుండా పోయింది. వరినాట్లు ప్రధానంగా స్త్రీల శ్రమ మీద సాగే పని. ఊడ్పు, ఉభాలు, నాటు అన్న మాటలు తరతరాలుగా వారి నోట నిలిచినవి.

ఇప్పుడు పని తీరే మారుతున్నది. డ్రమ్ సీడర్‌తో మండెకట్టిన విత్తనాన్ని నేరుగా దమ్ములో వేయడం, వెదజల్లడం, యంత్రంతో నాటడం విస్తరిస్తున్నాయి. నేరుగా విత్తే వరికి నారుమడి అక్కరలేదు. యంత్రంతో నాటేందుకు నారును పళ్ళాలలో పెంచుతారు. అక్కడ ‘ఆకుతీత’ అన్న పనే ఉండదు. పని పోయినచోట పదం ఒక తరం మాత్రమే మిగులుతుంది. ‘వెదజల్లు’ వలె సామాన్య భాషలోకి దాటుకొన్న పదాలు బతుకుతాయి. ‘తుకం’, ‘ఉభాలు’ వంటివాటికి ఆ దారి ఏర్పడలేదు. 1962 నాటి పదకోశానికి ఆధారమైన సేకరణ జరిగిన కాలంలో ఈ పదాలు నిత్య జీవనంలో ఉన్నాయి. అదే పద్ధతిలో నేడు మరల సేకరణ జరిపితే, ఏ పదం ఏ పనితో వెళ్ళిపోయిందో, ఏది అర్థం మార్చుకొని నిలిచిందో నిర్ధారించవచ్చు. విశ్వవిద్యాలయ తెలుగు శాఖలు, వ్యవసాయ కళాశాలలు కలిసి చేపట్టదగిన పని ఇది. ఆ మాటలను అర్థంతోను, ప్రాంతంతోను, పని వరుసతోను నమోదు చేసినప్పుడే మన నిఘంటువులో ‘ప్లాంట్ ఔట్’ ఎదుట నిలిచే తెలుగు సంపూర్ణమవుతుంది.